వెయ్యి డాలర్ల నికాన్ 1,200 రూపాయలకు: పాత డిజిటల్ కెమెరాలు అమ్మిన నా అనుభవం

కొత్తలో అమెరికాలో వెయ్యి డాలర్ల దగ్గర పలికిన నికాన్ కూల్‌పిక్స్ 950ని నేను 1,200 రూపాయలకు అమ్మాను. అదే సంచిలో దొరికిన చిన్న వెండిరంగు కానన్ 5,500కు పోయింది. కొన్నప్పుడు దాని ఖరీదు నికాన్ ఖరీదులో మూడో వంతు కూడా లేదు. పైగా నికాన్‌ని దాదాపు ఎవరూ అడగలేదు, కానన్ కోసం మాత్రం రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లు వచ్చాయి. పాత డిజిటల్ కెమెరాల బజారులో రేటు ఎలా తేలుతుందో తెలియాలంటే ఈ రెండింటి సంగతి తెలిస్తే చాలావరకు చాలు.

తెనాలిలో మా పెద్దమ్మ ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఈ కెమెరాలన్నీ బయటపడ్డాయి. మా వైపు చాలా ఇళ్లలో ఇలాగే ఉంటాయి. 1999, 2000 ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు అమెరికా వెళ్లిన పిల్లలు డిసెంబరు సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో బాదం పప్పు, టైలినాల్, సెంటు సీసాలతో పాటు ఒక కెమెరా కూడా తెచ్చేవాళ్లు. రెండేళ్ల తర్వాత దానికంటే సన్నటిది తెచ్చి, పాతది ఇక్కడే వదిలేసి వెళ్లేవాళ్లు. వదిలిన కెమెరా బీరువాలోకి వెళ్లేది, ఛార్జరు ఇంకో సొరుగులోకి, కేబులు మూడో చోటికి. మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి "పాత సామాన్లవాడికి వేసెయ్యరా, ఎవడు కొంటాడు" అన్నాడు. డిగ్రీ చదివే మా అమ్మాయి మాత్రం ఆ వెండిరంగు కానన్‌ని చూసి "నాన్నా, ఇవి ఇప్పుడు ఎంతకు అమ్ముతున్నారో తెలుసా?" అని తన ఫోన్ నా ముందు పెట్టింది. అన్నీ హైదరాబాద్ తెచ్చుకుని మొదలుపెట్టాను.

ముందు వాటిని బతికించాలి. అసలు పని అంతా ఇక్కడే ఉంది, రేటు కూడా ఇక్కడే తేలుతుంది. మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచే కెమెరాలు కొన్ని ఉన్నాయి: నికాన్, ఒక కొడాక్ ఈజీషేర్. సెల్స్ లోపలే పెట్టి మరిచిపోతే అవి కారి, స్ప్రింగుల మీద తెల్లగా, పచ్చగా పొర కడుతుంది. ఆల్కలైన్ సెల్‌లో కారేది క్షారం. అందుకే దూదిపుల్లకు కొంచెం వెనిగర్ అద్ది తుడిస్తే పొర కరుగుతుంది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరబెడితే చాలాసార్లు కెమెరా లేస్తుంది. కొడాక్ అలా లేచినదే. సెల్స్ విషయంలో ఇంకో మాట. ఈ కెమెరాలు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. కిరాణా కొట్లో దొరికే గోడ గడియారం సెల్స్ వేస్తే నాలుగు ఫోటోలకే బ్యాటరీ అయిపోయిందని చూపిస్తాయి. కెమెరా పాడైందని పారేసినవాళ్లలో సగం మంది దగ్గర పాడైంది సెల్సేనేమోనని నా అనుమానం. రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేసి చూడందే ఏ నిర్ణయానికీ రాకూడదు.

లిథియం బ్యాటరీవాటితో ఇబ్బంది వేరు. పదిహేనేళ్లు ఖాళీగా పడి ఉన్న లిథియం బ్యాటరీకి ప్రాణం ఉండడం అదృష్టం. ఒక కెమెరాలో అది ఉబ్బి గూట్లోనే ఇరుక్కుపోయింది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించడం ప్రమాదం. లోపలి పొరలు తగులుకుంటే మంట రేగుతుంది. రిపేరు షాపులో ఇస్తే అతను గూటి పక్క గోడనే విప్పి తీశాడు. దానికి తీసుకున్న డబ్బు ఆ కెమెరా మీద తిరిగి రాలేదు, ఆ మాట ముందే అతనే చెప్పాడు కూడా. మిగతావాటికి కొత్త బ్యాటరీలు తెప్పించాను. కానన్‌కు కావలసిన ఎన్‌బీ-4ఎల్, సోనీ సైబర్‌షాట్‌కు కావలసిన ఎన్‌పీ-బీజీ1 ఇప్పటికీ వేరే కంపెనీలు చేస్తున్నాయి, ఐదారు వందల్లో వస్తాయి. కానన్‌కు పలికిన ధరలో ఈ చిన్న సంగతికి పెద్ద వాటా ఉంది. బ్యాటరీ ఇప్పటికీ దొరికే కెమెరాకు విలువ నిలబడుతుంది. దొరకనిది ఎంత గొప్పదైనా అలంకారానికే.

అమెరికా నుంచి వచ్చిన ఛార్జర్లకు రెండు బల్లపరుపు పిన్నులు ఉంటాయి. వెనక 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే భయం లేదు, ముప్పై రూపాయల పిన్ను మార్చే ముక్క చాలు. నాకు దొరికినవన్నీ అలాంటివే. అసలు ఛార్జరు ఉందంటే కొనేవాడు మరో ఐదు వందలు ఎక్కువ పెడతాడు, ఇది తర్వాత తెలిసింది.

బ్యాటరీల తర్వాత మెమరీ కార్డులు. ఇక్కడ మాత్రం నాకు తల తిరిగింది. ఇప్పుడు మనకు కార్డు అంటే ఒకటే, ఫోన్లో వేసే చిన్నది. అప్పట్లో ప్రతి కంపెనీదీ ఒక దారి. నికాన్ 950కి, సంచిలోని ఇంకో కానన్ జీ2కి కాంపాక్ట్‌ఫ్లాష్, అగ్గిపెట్టె అంత. పాత ఒలింపస్‌లకు స్మార్ట్‌మీడియా, పలచటి రేకు. అది 128 ఎంబీ దగ్గరే ఆగిపోయింది. 2002లో ఒలింపస్, ఫూజీ కలిసి ఎక్స్‌డీ కార్డు తెచ్చాయి. అది 2 జీబీ దాటలేదు. సోనీకి మెమరీ స్టిక్. 2010లో గానీ సోనీ తన కెమెరాల్లో ఎస్‌డీ కార్డును ఒప్పుకోలేదు. ఎస్‌డీలోనూ తిరకాసు ఉంది. 2 జీబీ దాటిన కార్డులు ఎస్‌డీహెచ్‌సీ అనే పద్ధతివి, ఆ పద్ధతి 2006లో వచ్చింది. అంతకుముందు తయారైన కెమెరాలో 32 జీబీ కార్డు పెడితే కార్డు ఎర్రర్ అంటుంది, పెట్టినవాడు కెమెరా పోయిందనుకుంటాడు.

2 జీబీ ఎస్‌డీ కార్డు కోసం కోఠి గుజరాతీ గల్లీలో తిరిగాను. "గంత చిన్నది ఇప్పుడు ఎవ్వరు పెడ్తరు సార్, 64 తీస్కోండ్రి" అని అందరూ అదే మాట. చివరికి ఒక ముసలాయన సొరుగు అడుగు నుంచి కొన్ని తీశాడు. కొత్త 32 జీబీ కార్డు కంటే వాటికి ఎక్కువ అడిగాడు, ఇచ్చాను. ఆయనకు తన సరుకు విలువ తెలుసు. నా చేతిలో ఉన్న ఒలింపస్ చూసి మాత్రం "దీని కార్డు రేటు కెమెరా రేటు కన్న ఎక్కువైతది, ఒదిలెయ్యండ్రి" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. ఎక్స్‌డీ కార్డులు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు, వాడినవే చేతులు మారుతున్నాయి. అందుకే కార్డుతో కలిపి ఉన్న ఒలింపస్‌కు, కార్డు లేని ఒలింపస్‌కు మధ్య తేడా రెట్టింపు ఉంటుంది.

బతికినవాటిని పరీక్షించడం ఇంకో మెట్టు. తెల్లగోడను ఒక ఫోటో, లెన్స్ మూత చేత్తో మూసి ఒక ఫోటో, జూమ్ చివరిదాకా లాగి ఒకటి, చీకటి గదిలో ఫ్లాష్‌తో ఒకటి. తెల్లగోడ ఫోటోలో లోపలి దుమ్ము మచ్చలుగా కనిపిస్తుంది, చీకటి ఫోటోలో పాడై వెలుగుతూ ఉండిపోయిన పిక్సెళ్లు చుక్కలుగా తేలతాయి. లెన్స్‌లో టార్చి వేసి చూస్తే సాలెగూడులా సన్నటి గీతలు ఉన్నాయంటే ఫంగస్ పట్టినట్టు. కృష్ణా, గుంటూరు జిల్లాల ఉక్కలో తోలు సంచిలో పెట్టి మూసేసిన కెమెరాకు ఇది సహజం. చిన్న కెమెరాల్లో లెన్స్ విప్పి తుడవడం గిట్టుబాటు కాదు.

ఉక్కకు సంబంధించిన మరో జబ్బు కూడా ఉంది. అప్పటి కెమెరాలు కొనేవాళ్లకు ఇది తెలిసి తీరాలి. 2005 అక్టోబరులో వరసగా చాలా కంపెనీలు ఒకే రకం ప్రకటన ఇచ్చాయి: కొన్ని మోడళ్లలో సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే లోపలి ముక్క) వేడికి, తేమకు పాడై బొమ్మ వంకర్లు పోవడమో, అసలు రాకపోవడమో జరుగుతుంది, ఉచితంగా మార్చి ఇస్తాం అని. వేర్వేరు పేర్లతో అమ్ముడైనా ఆ సెన్సర్లు ఒకే చోట తయారైనవి. లోపల సన్నటి తీగల అతుకులు వేడి, తేమలకు వదులయ్యేవి. 2002 నుంచి 2004 మధ్య తయారైన కెమెరాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. స్క్రీను మీద మెనూ బాగానే వస్తుంది, ఫోటో మాత్రం ఊదారంగు చారలతోనో, నల్లగానో ఉంటుంది. మా సంచిలో ఒకటి సరిగ్గా ఇలాగే ఉంది. ఉచిత రిపేరు కాలం ఎప్పుడో ముగిసింది. దాన్ని విడిభాగాలకని చెప్పి, లోపం ముందే రాసి పెట్టాను. అదే మోడల్ కెమెరా స్క్రీన్ పగిలి ఉన్న ఒకబ్బాయి 400కు తీసుకెళ్లాడు.

ఇక రేటు. జగదీష్ మార్కెట్‌లో పాత ఫోన్లు కొనే ఒకతనికి సంచి మొత్తం చూపిస్తే ఒక్కోదానికి మూడు వందలు అన్నాడు, ఏది ఏ మోడలో చూడకుండానే. ఎర్రగడ్డ ఆదివారం సంతలో అడిగితే అంతకంటే తక్కువ. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు అది బరువు లెక్క. ఇంకోవైపు అమ్మకం యాప్‌లు తెరిస్తే అదే రకం కెమెరాకు పన్నెండు వేలు అని ఒకడు, పదహారు వేలు అని ఒకడు పెట్టి ఉన్నారు. అవి అడిగిన ధరలు, పలికిన ధరలు కావు. రేటు పెట్టి ఆరు నెలలుగా కూర్చున్నవాళ్లు వాళ్లలో చాలామంది. నిజం తెలియాలంటే ఈబేలో అమ్ముడైపోయినవి మాత్రమే చూపించే వడపోత ఒకటి ఉంది, అది నొక్కి చూడాలి. అక్కడి డాలర్ ధర మన ఊళ్లో పలకదు, కానీ ఏ మోడల్‌కు గిరాకీ ఉంది, దేనికి లేదు అన్న వరస తెలుస్తుంది. ఆ వరస ఇక్కడా దాదాపు అంతే.

వెతికేటప్పుడు పేర్ల దగ్గర జాగ్రత్త పడాలి. మా వెండిరంగు కానన్ అడుగున పవర్‌షాట్ ఎస్‌డీ1000 అని ఉంది, ఎందుకంటే అది అమెరికాలో కొన్నది. అదే కెమెరా యూరప్‌లోనూ మన దగ్గరా ఇక్సస్ 70. జపాన్‌లో ఇక్సీ డిజిటల్ 10. మూడు పేర్లతోనూ వెతికితే గాని అసలు గిరాకీ కనిపించదు. ఎస్‌డీ1000 అని మాత్రమే రాస్తే మన పిల్లలెవరూ గుర్తుపట్టరు. వాళ్లకు తెలిసిన పేరు ఇక్సస్. నేను రెండూ రాశాను, ఫోన్లు మర్నాడే మొదలయ్యాయి.

ఎవరు కొంటున్నారంటే, నా అనుభవంలో ఎక్కువమంది పంతొమ్మిది నుంచి పాతికేళ్ల లోపు వాళ్లు, అందులోనూ అమ్మాయిలు ఎక్కువ. వాళ్లు పుట్టేసరికి ఈ కెమెరాలు వచ్చేశాయి, కానీ వాడిన గుర్తు లేదు. ఫోటోగ్రఫీ నేర్చుకోవాలని కాదు. హాస్టల్ ఫేర్‌వెల్‌కో, గోవా ప్రయాణానికో, స్నేహితురాలి సంగీత్‌కో కావాలి. మెగాపిక్సెళ్లు ఎన్ని అని నన్ను ఒక్కరూ అడగలేదు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "అంకుల్, ఫ్లాష్ పనిచేస్తుందా? ఫ్లాష్‌తో తీసిన ఫోటో ఒకటి పంపుతారా?"

దీని వెనక కారణం ఉంది, ఊరికే వేలంవెర్రి కాదు. ఫోన్‌లో ఉండేది ఎల్‌ఈడీ దీపం. చిన్న కెమెరాలో ఉండేది జెనాన్ గొట్టం. అది సెకనులో వెయ్యోవంతు లోపే మెరిసి ఆరిపోతుంది, కానీ ఆ కాసేపటి వెలుగు ఎల్‌ఈడీకి అందనంత గట్టిది. ఎదురుగా ఉన్న మొహం తెల్లగా తేలుతుంది, వెనక గది చీకట్లోకి పోతుంది, ఎగిరే జుట్టు కూడా ఆగిపోయినట్టు పడుతుంది. పైగా ఇప్పటి ఫోన్ ఒక్క నొక్కుకు చాలా ఫ్రేములు తీసి, కలిపి, చీకటిని వెలిగించి, చర్మం నునుపు చేసి చూపిస్తుంది. పాత కెమెరా ఒక్క ఫ్రేము తీసి ఊరుకుంటుంది. మా అమ్మాయి స్నేహితురాళ్లు "ఇందులో మేం మాలా ఉన్నాం" అన్నారు. 2007లో ఇవే ఫోటోలను మనం ఎర్రకళ్లు పడ్డాయని, మొహాలు పాలిపోయాయని తిట్టుకున్నాం.

అమ్మేవాళ్లు ప్రకటనల్లో "సీసీడీ కెమెరా" అని పెద్దగా రాస్తారు, సీసీడీ అంటేనే ఫిల్మ్ రంగులు అన్నట్టు. 2009 ప్రాంతం దాకా చిన్న కెమెరాల్లో సెన్సర్ దాదాపు అన్నిటా సీసీడీ అనే రకమే, తర్వాత మెల్లగా సీమాస్ అనే రకానికి మారారు. రంగు మాత్రం సెన్సర్ రకం ఒక్కదాని వల్ల రాదు. దాని మీద పరిచిన రంగుల వడపోత పొర, కంపెనీ వాళ్లు లోపల రాసిన సాఫ్ట్‌వేర్ లెక్క, రెండూ కలిసి రంగు నిర్ణయిస్తాయి. సీసీడీకి ఖచ్చితంగా ఉన్న గుర్తు ఒకటుంది. సూర్యుడినో, వీధి దీపాన్నో వీడియో తీస్తే దాని మీదుగా నిలువునా ఒక వెలుగు గీత పడుతుంది. అది లోపం. ఇప్పుడు దానికే మోజు. నేను ప్రకటనలో సీసీడీ అని రాశాను, ఎందుకంటే నిజమే కాబట్టి. రంగుల గురించి మాత్రం ఏమీ రాయలేదు, తీసిన ఫోటోలు పెట్టాను.

దీన్నిబట్టి నికాన్ 950కి ఎందుకు గిరాకీ లేదో తెలుస్తుంది. 1999లో వచ్చిన కెమెరా అది. 2 మెగాపిక్సెల్, లోహపు ఒళ్లు, మధ్యలో మెలితిప్పితే లెన్స్ సగం ఒకవైపు, స్క్రీను సగం ఇంకోవైపు తిరుగుతుంది. రెండు సెంటీమీటర్ల దగ్గర నుంచి చీమను తీయొచ్చు. ఇంజినీరింగ్‌లో మా సంచిలోని మిగతావేవీ దాని దరిదాపుల్లో లేవు. కానీ జేబులో పట్టదు. నాలుగు సెల్స్ మింగుతుంది. దాంతో వచ్చిన 8 ఎంబీ కార్డులో మంచి నాణ్యతతో తీస్తే పట్టుమని పది ఫోటోలు పట్టవు. యూఎస్‌బీ లేదు, పాత కంప్యూటర్ల సీరియల్ కేబుల్ కావాలి, లేకపోతే కార్డు రీడరు. అద్దం ముందు చేత్తో పట్టుకుంటే ముద్దుగా కనిపించదు, ఇది చిన్న విషయం కాదు. ఈ పిల్లలు కెమెరాతో తీసిన ఫోటోలు ఎంత పెడతారో, కెమెరా పట్టుకున్న ఫోటోలూ అంతే పెడతారు.

దాన్ని కొన్నది వరంగల్‌కు చెందిన ఒక రిటైర్డ్ పెథాలజీ డాక్టరు గారు. ఈ వరసలోని నికాన్‌ల లెన్స్ చుట్టూ 28 మిల్లీమీటర్ల మర ఉంటుంది, జూమ్ చేసినా లెన్స్ బయటికి రాదు, అందుకని ఒక రింగు బిగించి మైక్రోస్కోప్ కంటికి తగిలించేవాళ్లు. ఆయన పనిచేసిన చోట స్లైడుల ఫోటోలు దీంతోనే తీశారట. "బాబూ, ఎంతకిస్తావు" అని అడిగితే 1,200 అన్నాను. బేరమాడలేదు. అందుకున్నాక ఫోన్ చేసి, మర చెక్కుచెదరలేదని చెప్పారు. మరను చూసి కొన్నది ఆయన ఒక్కరే.

సోనీ డబ్ల్యూ55 గులాబీ రంగుది, మెమరీ స్టిక్‌తో, 4,000కు పోయింది. అదే మోడల్ నలుపు అయితే మూడు వేలకే అడుగుతున్నారు. రంగుకు వెయ్యి రూపాయలు! కొడాక్ 900. కానన్ జీ2 చాలాకాలం పోలేదు, దాని లెన్స్ ఎఫ్/2.0, అంటే ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకునేది అని నేను ఎంత చెప్పినా. చివరికి కెమెరాలు సేకరించే బెజవాడ కుర్రాడొకడు 1,500 ఇచ్చాడు. ఫూజీ ఎఫ్31ఎఫ్‌డీ సంగతి విచిత్రం. 2006లో వచ్చింది, తక్కువ వెలుతురులో ఆ రోజుల్లో చిన్న కెమెరాల్లో దానికి సాటి లేదు. తయారీ ఆగిపోయాక కొన్నాళ్లు కొత్తదాని కంటే వాడినదాన్నే ఎక్కువ పెట్టి కొన్నారు ఫోటోల పిచ్చివాళ్లు. ఇప్పుడు ఆ పేరు ఎవరికీ పట్టదు, ఎక్స్‌డీ కార్డు కాబట్టి ఇంకా వెనకబడింది. ఇప్పుడు ఇక్సస్ మీద ఉన్న మోజు కూడా ఎంతకాలం ఉంటుందో చూడాలి. అందుకే అమ్మదలచినవాళ్లు దాచి ఉంచితే ధర పెరుగుతుందనుకోవద్దని నేను చెబుతాను. ఒక్క 2010లోనే ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికి వెళ్లాయి, వాటిలో ఎక్కువ భాగం ఇలాంటి చిన్నవే. అరుదైన వస్తువు ధర కాదిది. అటకల మీదివి ఒక్కొక్కటీ దిగుతున్నకొద్దీ సరుకు పెరుగుతుంది, బ్యాటరీలు మాత్రం చస్తూనే ఉంటాయి.

అమ్మకంలో తలనొప్పి గురించి కూడా చెప్పాలి. ప్రకటన పెట్టిన గంటలోనే "ఆర్మీ ఆఫీసరు"నంటూ ఒకడు మాట్లాడాడు. బేరమే లేదు, అడిగినంత ఇస్తానన్నాడు. డబ్బు వేయడానికి ఒక క్యూఆర్ పంపుతాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టనవసరం లేదు, కొట్టామంటే మన ఖాతాలోంచే పోతుంది. ఇది పాత మోసమే అయినా ఇప్పటికీ నడుస్తోంది. ఫోన్ పెట్టేశాను. తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను: ఊళ్లోవాళ్లయితే అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర, పగటిపూట, చేతిలో పెట్టి చూపించి అమ్మడం. బయట ఊళ్లవాళ్లయితే సీరియల్ నంబరు కనిపించేలా, కెమెరా ఆన్ అయి ఫోటో తీసేలా ఒక వీడియో తీసి పంపి, డబ్బు వచ్చాక కొరియర్. లిథియం బ్యాటరీ ఉందని కొరియర్ కౌంటర్‌లో దాచకుండా చెప్పాలి. కొందరు తీసుకోరు, తీసుకునేవాళ్లు బ్యాటరీని కెమెరాలో కాకుండా విడిగా, కొసలకు టేపు వేసి పెట్టమంటారు.

వెండిరంగు కానన్‌ని కొన్నది నల్లకుంట వైపు హాస్టల్‌లో ఉండే ఖమ్మం అమ్మాయి. స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. నేను అడిగింది 6,500, ఆమె చెప్పింది 4,500. మధ్యలో స్నేహితురాలు "అంకుల్, స్టూడెంట్స్‌మి" అని అందుకుంది. ఫోటో మీద తేదీ పడుతుందా అని అడిగారు. ఈ కెమెరాలో తేదీ నేరుగా పడాలంటే సైజును పోస్ట్‌కార్డ్‌కు మార్చాలి, మిగతా సైజుల్లో పడదు. అది మార్చి, అక్కడే ఇద్దరినీ నిలబెట్టి ఫ్లాష్‌తో ఒకటి తీసి చూపించాను. మూలన నారింజ రంగులో తేదీ. అంతే, బేరం 5,500 దగ్గర తెగింది. రెండు బ్యాటరీలు, అసలు ఛార్జరు, కోఠి ముసలాయన దగ్గర కొన్న 2 జీబీ కార్డు ఇచ్చాను. 2007 నాటి ఈ కెమెరా పెద్ద కార్డునూ తీసుకుంటుందని, చిన్న కార్డయితే ఎస్‌డీ కార్డు పట్టే కెమెరాల్లో దాదాపు అన్నిటిలోనూ నడుస్తుందని చెప్పి చిన్నదే అలవాటు చేసుకోమన్నాను. ఫోన్‌లోకి ఫోటోలు ఎక్కించుకోవడానికి టైప్-సీ కార్డు రీడరు మూడు వందల్లో వస్తుందని కూడా చెప్పాను. ఇది చెప్పకపోతే ఆ రాత్రే "అంకుల్, వైఫై ఎక్కడుంది" అని ఫోన్ వస్తుంది. వేరే కెమెరా కొన్నవాళ్ల నుంచి వచ్చింది కూడా.

ఇచ్చేముందు కార్డులు ఖాళీ చేయడం అందరికీ గుర్తుంటుంది. లోపలి మెమరీని మాత్రం చాలామంది మరచిపోతారు. సోనీలోనూ, కొడాక్‌లోనూ కార్డు లేకపోయినా కొన్ని ఫోటోలు కెమెరాలోనే ఉండిపోతాయి. కార్డు తీసేసి ఆన్ చేస్తే అవి కనబడతాయి. మా సోనీలో పెద్దమ్మ మనవడి అన్నప్రాశన ఫోటోలు అలాగే ఉన్నాయి, ఎవరి దగ్గరా లేనివి. కేబుల్‌తో కంప్యూటర్‌లోకి దింపి, కుటుంబం గ్రూపులో పెట్టి, అప్పుడు లోపలి మెమరీని ఫార్మాట్ చేశాను. ఆ సోనీ కేబుల్ మామూలు యూఎస్‌బీ కాదు, దానికంటూ వేరే కొస ఉంది. తెనాలిలో పాత దీపావళి మందుల డబ్బాలో దొరికింది. సొరుగులన్నీ వెతకనిదే కెమెరా అమ్మకానికి పెట్టొద్దు.

ఖర్చులు పోను, అంటే బ్యాటరీలు, కార్డులు, రిపేరు, కొరియర్ తీసేస్తే, చేతికి వచ్చింది పెద్ద మొత్తమేమీ కాదు. ఆదివారాలు పోయినందుకు లెక్క కడితే అసలు మిగలలేదు. అన్నయ్యకు ధరలు చెబితే ముందు నమ్మలేదు. తర్వాత న్యూజెర్సీలో గ్యారేజీ తెరిచి వీడియో కాల్ చేశాడు, అట్టపెట్టెలో ఇంకా ఉన్నాయట. ఒక్కోటి తిప్పి చూపించమన్నాను. జేబులో పట్టని లావు కెమెరాలు, ఎక్స్‌డీ కార్డువి అక్కడే వదిలెయ్యమన్నాను. చిన్న కానన్‌లు రెండు ఉన్నాయి, ఒకటి ఎర్రది. "ఎర్రది తీసుకురా. ఛార్జరు దొరికితేనే" అన్నాను. అప్పటి నుంచి వదినను ఛార్జరు వెతకమని సతాయిస్తున్నాడట.